పాత బ్యాటరీ సీసం, నాటు గుండు, ఇంటి పెరడు

చిత్తూరులో మాది గుజరీ అంగడి. నాన్నగారి కాలం నుంచి నడుస్తున్నది. నేను రసాయన శాస్త్రం చదువుకుని కూడా చివరికి ఆ కాటా దగ్గరికే వచ్చి కూర్చున్నాను. పలమనేరు వైపు అడవి అంచు పల్లె నుంచి పాత ట్రాక్టర్ బ్యాటరీ ఒకటి అమ్మడానికి తెచ్చిన యువరైతు, దానిని కాటా మీద పెట్టబోయి ఆగి, నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు: "అన్నా, దీంట్లో సీసం ఉంటాది గదా. అమ్మేదానికి బదులు ఇంట్లోనే కరగబెట్టి గుండ్లు పోసుకుంటే ఏమయితాది? పందులు రాత్రికి రాత్రి చేనంతా తవ్వేసి పోతాండాయి." అతని తాతగారి కాలంలో ఆ ఇంట్లో లైసెన్సు ఉన్న తుపాకీ ఉండేదట. ఇప్పుడు ఏముందో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

వద్దు అన్న ఒక్క మాట మాత్రమే ఆ రోజు చెప్పగలిగాను, ఎందుకంటే వెనుక ఇద్దరు ముగ్గురు బేరానికి నిలబడి ఉన్నారు. ఎందుకు వద్దో తీరికగా చెప్పవలసిన విషయం కనుక ఇక్కడ రాస్తున్నాను. గుండ్లు పోసే పద్ధతి ఇందులో ఉండదు. దాని కోసం వచ్చినవారు చదవడం ఇక్కడే ఆపవచ్చు.

చట్టం సంగతి ముందుగా, క్లుప్తంగా. 1959 నాటి ఆయుధాల చట్టంలో తుపాకీకి ఎంత లెక్క ఉందో తూటాకు కూడా అంతే లెక్క ఉంది. లైసెన్సు లేకుండా తయారు చేయడాన్ని ఐదవ సెక్షన్ నిషేధిస్తుంది; 2019లో చేసిన సవరణ తరువాత అలాంటి తయారీకి శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు, మందుగుండు తయారు చేసుకోవడానికి లైసెన్సు కాదు. మన జిల్లా పోలీసులు అడవి అంచు పల్లెల్లో నాటు తుపాకులు స్వాధీనం చేసుకున్నారన్న వార్త పత్రికల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది, కాబట్టి ఇది కాగితం మీద మాత్రమే ఉన్న చట్టమని ఎవరూ అనుకోనక్కరలేదు. అయితే చట్టం పేరు చెప్పి భయపెడితే ఆ రైతు తల ఊపి వెళ్లిపోతాడు, ఇంటికి వెళ్లాక తాను అనుకున్నది చేస్తాడు. పోలీసు ఎప్పటికీ రాని ఇంటిలో కూడా తప్పకుండా జరిగేది ఒకటి ఉంది, నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

గుజరీ అంగడికి సీసం నాలుగైదు దారుల్లో వస్తుంది. అత్యధికం వాహనాల బ్యాటరీలది, ఇన్వర్టర్ బ్యాటరీలది. ఆ తరువాత చక్రాల అంచుకు బిగించే చిన్న తూకపు ముక్కలు, పాత టెలిఫోను కేబుళ్ల పై తొడుగులు, పాతకాలపు గొట్టాలు, వలలకు కట్టే గుండ్లు. చూడగానే సీసాన్ని గుర్తుపట్టడం మా వృత్తిలో మొదటి పాఠం. చేతిలోకి తీసుకుంటే, ఇంత చిన్న ముక్క ఇంత బరువుంటుందా అని మణికట్టు ఒక్క క్షణం తడబడుతుంది. ఘన సెంటీమీటరుకు ఇనుము 7.87 గ్రాములు తూగితే సీసం 11.34 గ్రాములు తూగుతుంది. గోరుతో గీస్తే గీత పడుతుంది. కాగితం మీద రాస్తే బూడిదరంగు చార వస్తుంది. నేల మీద పడేస్తే ఇత్తడిలా మోగదు, తడి మట్టి ముద్ద పడినట్టు ధబ్బుమంటుంది. కత్తితో కోసిన చోట మాత్రం వెండిలాగా తళుక్కుమంటుంది, చూస్తుండగానే ఆ మెరుపు మీద బూడిదరంగు పొర కమ్ముకుంటుంది. ఆ పొర వేలికి అంటుతుంది. మా అంగడిలో పనిచేసినవాళ్ల వేలి సందుల్లో ఆ నలుపు ఎప్పుడూ ఉండేది, ఆ చేతులతోనే బీడీ వెలిగించుకునేవాళ్లు.

సీసానికి ఉన్న ఆకర్షణ అంతా అది తొందరగా కరగడంలోనే ఉంది. ఇనుము కరగడానికి 1538 డిగ్రీల వేడి కావాలి, రాగికి 1085 కావాలి. సీసానికి 327 చాలు. కొలిమి అక్కరలేదు, తిత్తి అక్కరలేదు, కమ్మరి నేర్పు అక్కరలేదు. అందువల్లనే మనిషి చాలా పూర్వమే దీనిని పట్టుకున్నాడు. శాతవాహనులు సీసంతో నాణేలు వేశారు. దక్కనులో, ఆంధ్ర తీరంలో అవి విస్తారంగా దొరికాయి, మ్యూజియాల్లో గాజు పెట్టెల వెనుక నల్లగా కనబడేవి అవే. మన పల్నాటిలో అగ్నిగుండాల ప్రాంతంలో సీసపు ఖనిజం ఉంది, అక్కడ గని కూడా నడిచింది. ఇక తుపాకీ వచ్చిన తరువాత సీసానికి ఎదురు లేకుండా పోయింది, ఎందుకంటే సైనికుడు దండులో నడుస్తూ నడుస్తూ విడిదిలో వంట మంట మీదనే తనకు కావలసిన గుండ్లు తానే పోసుకోగలిగిన లోహం అది.

మన చిత్తూరు సీమ చవిచూసిన ఆ గుండ్లు తక్కువేమీ కావు. కర్ణాటక సీమలో యుద్ధాలు జరిగిన కాలంలో కొండల మధ్య ఉన్న ఈ కనుమల్లో దండులు నడిచాయి. రెండవ మైసూరు యుద్ధం నడుస్తుండగానే, 1782 డిసెంబరులో, హైదరాలీ చిత్తూరుకు దగ్గరలోని నరసింగరాయనిపేట విడిదిలో మరణించాడు. గుండు తగిలి కాదు, వీపు మీద లేచిన రాచపుండుతో. ఆ తరువాత కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, ఈ సీమను చేతిలోకి తీసుకున్నప్పుడు చిత్తూరు పాలెగాళ్లు ఎదురు తిరిగారు, అడవిలో చేరి పోరాడారు. అడవి అంచు ఇళ్లలో తుపాకీ తరతరాల వస్తువుగా మిగిలిపోవడానికి ఆ కాలపు వాసన కొంత ఉందని నాకు అనిపిస్తుంది, అయితే అది నా ఊహ మాత్రమే.

హైదరాలీ పోయిన ఆ 1782లోనే ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణంలో విలియం వాట్స్ అనే ఒక సీసపు పనివాడు, కరిగిన సీసాన్ని జల్లెడ గుండా చాలా ఎత్తు నుంచి కిందనున్న నీటిలోకి జారవిడిస్తే దారిలోనే అది గుండ్రని రవ్వలుగా గట్టిపడుతుందన్న పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అందుకు కావలసిన ఎత్తు కోసం తన సొంత ఇంటి మీదనే బురుజు లేపాడు. ఆ బురుజు 1968 వరకు నిలిచి ఉంది. ఒక మనిషి తన నివాసాన్నే సీసపు కార్ఖానాగా మార్చుకుంటే ఆ ఇంట్లోవాళ్ల ఒంట్లోకి ఏమి చేరి ఉంటుందో అప్పట్లో లెక్కపెట్టినవాడు లేడు. సీసపు పనివాళ్లకు కడుపునొప్పి, మణికట్టు వాలిపోవడం వస్తాయని ఆనాటి వైద్యులకు తెలియక కాదు; అది పనివాడి తలరాత అనుకునేవారు.

ఇప్పుడు పెరటిలోకి వద్దాం. సీసం కరిగించేవారిలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది: పొగ పీల్చకుండా గాలివాటం చూసుకుని కూర్చుంటే ఏమీ కాదని. ఈ మాటలో సగం నిజముంది. కరిగే వేడి దగ్గర సీసం పెద్దగా ఆవిరి కాదు. సుమారు 500 డిగ్రీలు దాటినప్పుడే దాని పొగ గట్టిగా లెక్కలోకి వస్తుంది. అయితే కట్టెల పొయ్యికి, గ్యాసు మంటకు కొలత ఎక్కడిది? పాత్ర అడుగున ఎంత వేడి ఉందో చూసేవాడు ఎవడు? అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇంటికి జరిగే కీడులో ఎక్కువ భాగం పొగ వల్ల కాదు, ధూళి వల్ల. కరిగిన సీసం పైన తెట్టె కడుతుంది. ఆ తెట్టెను గరిటెతో తీసి పక్కన పారేస్తారు. అది ఆరితే పసుపు కలిసిన బూడిదరంగు పొడి అవుతుంది, మెత్తని ముగ్గుపిండి కంటే సన్నం. మరునాడు ఇల్లాలు పెరడు ఊడుస్తుంది, పొడి లేస్తుంది, ఆరవేసిన బట్టల మీద, నీళ్ల తొట్టి మీద, ఎండబెట్టిన వడియాల మీద పడుతుంది. కోళ్లు ఆ నేలనే కెలుకుతాయి. పసిబిడ్డ ఆ నేల మీదే పాకుతుంది, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటుంది. దీనికి వాసన లేదు. రుచి ఉంటే తియ్యగా ఉంటుంది, అది ఇంకా పెద్ద ముప్పు.

బ్యాటరీ సీసం ఇంకొక మెట్టు పైన. కారు బ్యాటరీ బరువులో సగానికి మించి సీసమే, అయితే అదంతా గట్టి లోహం కాదు. పలకల సందుల్లో నింపిన ముద్ద సీసపు సల్ఫేటు, సీసపు ఆక్సైడు. పలకలను విప్పి ఎండబెడితే ఆ ముద్ద మొత్తం పొడిగా రాలుతుంది. అంటే పొయ్యి వెలిగించకముందే, బ్యాటరీని సుత్తితో పగలగొట్టినప్పుడే సగం విషం నేల మీదికి వచ్చేసింది. లోపలి నీళ్లు గంధకామ్లం. కంటిలో చుక్క పడితే కన్ను పోతుంది, కాలువలో పోస్తే సీసాన్ని కూడా వెంటబెట్టుకుని పోతుంది. కొన్ని బ్యాటరీల పలకల్లో సీసంతో పాటు యాంటిమొని, కొద్దిగా ఆర్సెనిక్ ఉంటాయి, కొన్నిట్లో కాల్షియం ఉంటుంది; ఏది దేనిలో ఉందో బయటి నుంచి తెలియదు, రెండు రకాలూ కలిపి కరిగించిన తెట్టె మీద తడి తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే ప్రాణాంతక వాయువులు పుట్టే అవకాశం ఉంది. ఇక కరిగిన సీసంలో నీటి చుక్క పడిందంటే, అది ఒక్కసారిగా ఆవిరై, పైనున్న సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. ఇలా కాలిన మచ్చలున్న చేతులను మా వ్యాపారంలో కొందరి దగ్గర చూశాను. అడిగితే బ్యాటరీ అనరు, నూనె పడింది అంటారు.

ఈ సీసం ఒంట్లో ఏమి చేస్తుంది? శరీరం దానిని కాల్షియం అనుకుని మోసపోతుంది. ఎముకలోకి తీసుకుపోయి దాచుకుంటుంది, అక్కడ అది దశాబ్దాల పాటు ఉంటుంది; ఆడపిల్ల చిన్నప్పుడు మింగిన సీసం, ఆమె గర్భవతి అయినప్పుడు ఎముక నుంచి కరిగి బిడ్డ వరకు చేరగలదు. పెద్దవాళ్లకు రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, రక్తహీనత. పిల్లలకు నేరుగా మెదడు దెబ్బతింటుంది. ఒకే మోతాదు సీసం మింగితే, పెద్దవాళ్ల కంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంతవరకు ఉంటే హాని లేదు అనదగిన మోతాదు ఏదీ లేదని కూడా అదే సంస్థ చెబుతున్నది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 నుంచి, డెసిలీటరు (లీటరులో పదవ వంతు) రక్తంలో సీసం 3.5 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు) దాటిన బిడ్డను గమనించవలసిన బిడ్డగా లెక్కిస్తున్నది. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి వెలువరించిన నివేదిక 5 మైక్రోగ్రాముల గీతను తీసుకుని లెక్క వేసింది: ప్రపంచంలో ముగ్గురు పిల్లల్లో ఒకరు, అంటే దాదాపు 80 కోట్ల మంది, ఆ గీతకు పైనే ఉన్నారు; మన దేశంలోనే 27 కోట్లకు పైగా.

ఐదు మైక్రోగ్రాములంటే ఎంతో కాటా మీద కూర్చునేవాడిగా నేను లెక్క వేసి చూసుకున్నాను. రెండేళ్ల బిడ్డ ఒంట్లో ఉండేది సుమారు ఒక లీటరు రక్తం. డెసిలీటరుకు 5 చొప్పున ఆ రక్తమంతటిలో కలిపి 50 మైక్రోగ్రాములు; గ్రాములో ఇరవై వేలవ వంతు. మా కాటా ఐదు గ్రాముల తేడానే పట్టదు. ఒక బ్యాటరీలో కిలోల కొద్దీ సీసం ఉంటుంది.

ఇదంతా ఎక్కడో పుస్తకాల లెక్క అనుకునేవారికి సెనెగల్ దేశంలో డకార్ నగరం పక్కనున్న థియారోయ్ సుర్ మేర్ అనే ఊరి సంగతి చెప్పాలి. అది సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడి కమ్మరులు ఏళ్ల తరబడి పాత కారు బ్యాటరీల సీసం కరిగించి చేపల వలలకు గుండ్లు పోసేవారు. బ్యాటరీ తుక్కు కలిసిన మట్టి అలా పోగుపడింది. సీసానికి ధర పెరిగినప్పుడు ఊరిలోని ఆడవాళ్లు ఆ మట్టిని జల్లెడ పట్టి, సీసపు తునకలు ఏరి అమ్మడం మొదలుపెట్టారు. మట్టి సంచులను ఇళ్లకు కూడా తెచ్చుకున్నారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల ఆ పేటలో 18 మంది పసిపిల్లలు చనిపోయారు. తల్లుల, తోబుట్టువుల రక్తంలో కూడా సీసం మితిమీరి ఉన్నట్టు ఆ తరువాత పరీక్షల్లో తేలింది. ఆ ఊరిలో ఎవరూ తుపాకీ గుండ్లు పోయలేదు, ఎవరూ నేరం చేస్తున్నామనుకోలేదు. వలగుండ్లు పోశారు, అంతే.

అందుకే మన పులికాట్ సరస్సు వైపు చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది. జిల్లాల విభజన తరువాత సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఆ ఒడ్డు పల్లెల్లో ఒకచోట, చెట్టు నీడన కూర్చుని వల బాగు చేసుకుంటున్న పెద్దాయన, సన్నని సీసపు రేకును తాడు మీద మడిచి, పంటితో కొరికి బిగించడం చూశాను. కొరికి, ఉమ్మి, తరువాతి రేకు అందుకునేవాడు. కింద పడిన తునకలను పక్కనే ఉన్న మనుమడు ఏరి కొబ్బరిచిప్పలో వేస్తున్నాడు. "తాతా, పటకారు వాడరాదా" అంటే, "పటకారు పట్టుకుంటే వేగం రాదు నాయనా" అన్నాడు. బ్రిటన్‌లో ఇలాంటి చిన్న సీసపు తూకాలను హంసలు గులకరాళ్లనుకుని మింగి చనిపోతున్నాయని తెలిసి, 1987లో గాలపు వేటలో వాటిని నిషేధించారు. నేలపట్టుకు, పులికాట్‌కు ఏటా పక్షులు వస్తున్నాయని పండుగ చేసుకునే మనం ఆ సంగతి ఆలోచించవలసి ఉంది.

పక్షుల మాట వచ్చింది కనుక మాంసం మాట కూడా చెప్పాలి. సీసపు గుండు జంతువు ఒంట్లోకి దిగాక ముక్కగా ఉండిపోదు. మెత్తని లోహం కనుక ఎముకకు తగిలి చితికి, కంటికి కనిపించని తునకలుగా చాలా దూరం చెదిరిపోతుంది. గాయం చుట్టూ నాలుగు వేళ్ల మేర కోసి పారేశామనుకున్నా మిగిలిన మాంసంలో అవి ఉంటాయి. 2008లో అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో వేటగాళ్లు పేదల కోసం దానంగా ఇచ్చిన జింక మాంసాన్ని ఎక్స్‌రే తీసి చూస్తే సీసపు తునకలు కనబడ్డాయి, ఆ మాంసాన్ని పారేయమని అధికారులు చెప్పవలసి వచ్చింది. కాలిఫోర్నియా కాండర్ అనే రాబందు జాతి 1980లలో ఇరవై పైచిలుకు పక్షులకు తగ్గిపోయింది. ఇప్పటికీ వాటిని చంపుతున్న కారణాల్లో మొదటిది, వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని సీసమే. అందుకే ఆ రాష్ట్రం 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో సీసపు రవ్వలను నిషేధించింది. వేట చట్టబద్ధమైన దేశాలే ఇంత జాగ్రత్త పడుతున్నాయి. మన దగ్గర అడవిపంది మాంసం పండుగ విందుగా ఊరంతా పంచుకుంటారు, పిల్లలకు మెత్తని ముక్కలు ఏరి పెడతారు.

ఇంత చెప్పాక, ఆ రైతు కష్టం అబద్ధమని నేను అనడం లేదు. వేరుశనగ ఊడలు దిగి కాయ పాలుపోసుకునే వేళకు పందులు దిగుతాయి. ఒక్క రాత్రి మంద పడితే ఎకరం చేను దుక్కి దున్నినట్టే. చీరలు కట్టారు, గాజు సీసాలు వేలాడదీశారు, మంచె మీద టార్చిలైటు వేసుకుని రాత్రంతా మేలుకున్నారు. మొదటి వారం పనిచేసిన ఉపాయం రెండో వారానికి పనిచేయదు, పంది అంత తెలివైన జంతువు. కౌండిన్య అభయారణ్యం పక్కన ఉన్నవారికి ఏనుగుల బాధ దీనికి అదనం. పట్నంలో కూర్చుని వన్యప్రాణి సంరక్షణ గురించి ఉపన్యాసం ఇచ్చేవారి మీద ఆ రైతులకు కోపం రావడం న్యాయమే.

అయినా నాటు తుపాకీ ఆ కష్టానికి మందు కాదు. ఇంట్లో పోసిన గుండు, కొలత తెలియని పేలుడు మందు, తుప్పు పట్టిన గొట్టం కలిస్తే అది ఎప్పుడు పేలుతుందో, ఎటు పేలుతుందో పేల్చేవాడికే తెలియదు. నాటుబాంబుల సంగతి అంతకంటే ఘోరం: పంది కోసం పెట్టినదాన్ని ఆవు కొరికి దవడ పోగొట్టుకుంటుంది. కరెంటు తీగ నేరుగా లాగినవాళ్లు ఏనుగునే కాదు, పొరుగు చేను మనిషిని కూడా చంపారు. చట్టంలో ఒక దారి ఉంది, దాని గురించి మన రైతుల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు. 2022 సవరణ తరువాత అడవిపంది వన్యప్రాణి చట్టంలోని రెండవ షెడ్యూలులో ఉన్నది. ఆ షెడ్యూలు జంతువు మనుషుల ప్రాణాలకు గాని, చేలోని పంటతో సహా ఆస్తికి గాని ప్రమాదంగా మారిందని తేలితే, పదకొండవ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు రాసి, వేటకు అనుమతి ఇవ్వవచ్చు. అనుమతి అంత త్వరగా రాదు, నిజమే. అయితే ఊరంతా కలిసి, పంట నష్టం ఫోటోలతో, సర్వే నంబర్లతో అటవీ రేంజి కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకుంటే కాగితం కదులుతుంది, నష్టపరిహారానికి కూడా అదే కాగితం ఆధారమవుతుంది. నలుగురు రైతులు కలిసి సౌరశక్తి కంచె వేసుకున్నచోట ఫలితం మెరుగ్గా ఉంది; అది గట్టిగా చురుక్కుమనిపించి వెనక్కి పంపుతుందే గాని చంపదు. కంచె కింద గడ్డి పెరగనివ్వకుండా చూసుకోవాలి, లేకపోతే తీగకు తగిలి కరెంటు భూమిలోకి పోతుంది. ఆ ఒక్క పని చేయక కంచె పనికిరాదని తిట్టుకునేవారిని చూశాను.

ఇప్పటికే ఇంట్లో సీసం కరిగించినవారు ఉంటే, వాళ్లకు నా మనవి వేరు. మీరు తప్పు చేశారని ఇక్కడ ఎవరూ తీర్పు చెప్పడం లేదు. కరిగించిన చోటును పొడిగా ఊడవకండి. నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడవండి, ఆ గుడ్డను మళ్లీ ఇంట్లో వాడకండి. ఆ పాత్రను, ఆ గరిటెను ఎంత తోమినా వంటకు పనికిరావు. పిల్లలను ఆ మట్టిలో ఆడనివ్వకండి. పని బట్టలను ఇంటివాళ్ల బట్టలతో కలిపి ఉతకకండి. పిల్లవాడికి కారణం తెలియని కడుపునొప్పి, మలబద్ధకం, ఆకలి లేకపోవడం, రక్తం తక్కువగా ఉండడం, చదువులో ఉన్నట్టుండి వెనకబడడం కనిపిస్తే, డాక్టరుతో ఇంట్లో సీసం కరిగించిన సంగతి దాచకుండా చెప్పి, రక్తంలో సీసం పరీక్ష రాయమని అడగండి. మనం చెప్పకపోతే ఆ దిశగా ఆలోచించే డాక్టరు అరుదు, నులిపురుగుల మందు రాసి పంపేస్తారు. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లలే సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటారు కనుక, మన రాగి సంగటి, ఆకుకూరలు పిల్లల కంచంలో ఉండేట్టు చూడడం మంచిదే. అది చికిత్స కాదు. మోతాదు బాగా ఎక్కువైతే ఆసుపత్రిలో ప్రత్యేకమైన మందులతోనే సీసాన్ని బయటికి రప్పించాలి, అప్పుడు కూడా మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు.

నా వ్యాపారం గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. తిరుపతి పక్కన కరకంబాడిలో దేశమంతటికీ బ్యాటరీలు తయారవుతాయి. బ్యాటరీ మన జిల్లాల బతుకులో ఒక భాగం. కొత్త బ్యాటరీ అంగట్లోకి రావడానికి ఉన్నంత పద్ధతి, పాతది వెనక్కి పోవడానికి లేదు. 2001 నాటి నిబంధనల స్థానంలో 2022లో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి. అమ్మిన కంపెనీయే పాతదాన్ని వెనక్కి తీసుకుని, రిజిస్టరయిన శుద్ధి కేంద్రానికి పంపించాలన్నది వాటి సారం. కాని మా బోటి గుజరీ అంగళ్లలో కొందరు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి కొంటారు, ఆమ్లాన్ని వెనుక కాలువలో పారబోస్తారు, ఊరి బయట పాకలో కరిగించేవాడికి అమ్ముతారు. ఆ నాలుగు రూపాయలు ఎవరి పిల్లల రక్తంలో నుంచి వస్తున్నాయో అందరికీ తెలుసు. నేను పగలగొట్టిన బ్యాటరీని కొనడం మానేశాను. మొత్తంగా ఉన్నదాన్ని మాత్రం తీసుకుని, రిజిస్టరయిన వారికి బిల్లుతో పంపుతున్నాను. లాభం తగ్గింది.

కాబట్టి పాత బ్యాటరీ ఇంట్లో ఉన్నవారు దానిని విప్పకండి, వంచకండి, నీళ్లు పారబోయకండి. మూతలు బిగించి, నిలువుగా పెట్టి, పిల్లలకు అందని నీడపట్టున ఉంచండి. కొత్తది కొనేటప్పుడు అదే దుకాణంలో ఇచ్చేస్తే ధరలో తగ్గిస్తారు, ఎంత తగ్గించారో బిల్లు మీద విడిగా రాయించుకోండి. కొత్తది కొనే పని లేకపోతే ముందు తూకం వేయించుకుని ధర అడగండి. బ్యాటరీ లోపలి నీళ్లు పారబోసి తెమ్మని చెప్పే అంగడికి మాత్రం వెళ్లకండి.